ర్యాప్స్ పెట్టినా సిగ్నేచర్ ఎందుకు నిలబడట్లేదు: పైథాన్ డెకరేటర్ల గురించి కాస్త వివరంగా

మీరు అడిగింది ముందు నా మాటల్లో పెడతా, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. ఫాస్ట్‌ఏపీఐ (పైథాన్‌లో వెబ్ ఏపీఐలు రాసే ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టులో ఏ రూట్, అంటే ఒక్కో వెబ్ అడ్రస్‌కి జవాబిచ్చే ఫంక్షన్, ఎంత టైమ్ తీసుకుంటోందో చూడ్డానికి ఒక డెకరేటర్ (ఒక ఫంక్షన్‌ని తీసుకుని, దాన్ని ర్యాపర్ అనే ఇంకో ఫంక్షన్‌తో చుట్టి ఇచ్చేది) రాశారు, లోపల ర్యాపర్ *ఆర్గ్స్, **క్వార్గ్స్ తీసుకుంటుంది, అంటే ఏ ఆర్గ్యుమెంట్లు ఎన్ని ఇచ్చినా ఒప్పుకుంటుంది. డాక్స్ పేజీ తెరిస్తే ఆర్గ్స్, క్వార్గ్స్ అని రెండు కంపల్సరీ ఫీల్డులు కనపడ్డాయి, రిక్వెస్ట్ కొడితే 422 (పంపిన డేటా సరిగ్గా లేదనే ఎర్రర్) వచ్చింది. ఎవరో ఫంక్‌టూల్స్‌లో ర్యాప్స్ ఉంది పెట్టుకోమన్నారు, పెట్టారు, ఆ గొడవ పోయింది. తర్వాత డేటాబేస్ సెషన్ తనే ఓపెన్ చేసి ఫంక్షన్‌కి మొదటి ఆర్గ్యుమెంట్‌గా అందించే ఇంకో డెకరేటర్ రాశారు, దానికీ ర్యాప్స్ పెట్టారు, ఈసారి అసలు యాప్ స్టార్టే కావట్లేదు. పైగా మైపై (కోడ్ రన్ చెయ్యకుండానే టైపులు సరిచూసే టూల్) స్ట్రిక్ట్‌లో పెడితే అన్‌టైప్డ్ డెకరేటర్ అని తిడుతోంది. ర్యాప్స్ సిగ్నేచర్‌ని, అంటే ఫంక్షన్ తీసుకునే పారామీటర్ల లిస్ట్‌ని, కాపాడుతుంది అన్నారు కదా, మరి ఇదేంటి అనేది మీ ప్రశ్న.

ఒక మాట, ఇక్కడ కోడ్ ముక్కలు కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషులో వేసుకోండి. డండర్ అంటే ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లు ఉన్న పేరు అన్నమాట.

సూటిగా చెప్పాలంటే ర్యాప్స్ సిగ్నేచర్‌ని కాపాడదండి. చూపిస్తుంది, అంతే. ఇంట్లో ఉండేవాళ్ళు మారిపోయినా గేటు మీద పాత నేమ్‌ప్లేటే ఉంచినట్టు. పోస్ట్‌మ్యాన్ ప్లేట్ చదివి ఉత్తరం వేసి పోతాడు కాబట్టి అతనికి ఏ ఇబ్బందీ లేదు, తలుపు కొట్టి లోపలికి వెళ్ళినవాడికే తేడా తెలుస్తుంది. మీ మొదటి డెకరేటర్‌లో లోపల, బయట ఒకటే కాబట్టి ప్లేట్ సరిపోయింది. రెండోదాంట్లో లోపల మనుషులే మారిపోయారు, మీరు పాత ప్లేటే తగిలించారు.

ర్యాప్స్ నిజంగా ఏం చేస్తుందో చూద్దాం, ఎందుకంటే ఇది పెద్ద మాయ ఏం కాదు, సోర్సులో కొన్ని లైన్లే. అసలు ఫంక్షన్ నుంచి మాడ్యూల్ పేరు, ఫంక్షన్ పేరు, క్వాల్‌నేమ్ (ఏ క్లాస్, ఏ ఫంక్షన్ లోపల ఉందో కూడా చెప్పే పూర్తి పేరు), డాక్‌స్ట్రింగ్ (ఫంక్షన్ మొదట్లో రాసే వివరణ), అనొటేషన్స్ (పారామీటర్ల పక్కన రాసే టైపులు) తీసి ర్యాపర్‌కి అంటిస్తుంది, 3.12 నుంచి టైప్ పారామ్స్ కూడా. తర్వాత అసలు ఫంక్షన్ డండర్ డిక్ట్‌లో (దాని అట్రిబ్యూట్లు ఉండే డిక్షనరీ) ఉన్నవి ర్యాపర్ డిక్ట్‌లోకి అప్‌డేట్ చేస్తుంది. చివరగా డండర్ ర్యాప్డ్ అనే పేరుతో అసలు ఫంక్షన్‌ని ర్యాపర్ మీద తగిలిస్తుంది. అయిపోయింది. డిఫాల్ట్ వాల్యూలు కాపీ చెయ్యదు, కోడ్ ఆబ్జెక్ట్ (నిజంగా రన్ అయ్యే కంపైల్ అయిన కోడ్) ముట్టుకోదు, ర్యాపర్ ఎన్ని ఆర్గ్యుమెంట్లు ఒప్పుకుంటుందనేది అణువంత కూడా మారదు.

మరి ఫాస్ట్‌ఏపీఐకి సరైన పారామీటర్లు ఎలా కనపడ్డాయి? అది ర్యాప్స్ గొప్ప కాదు, ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌లో ఉన్న సిగ్నేచర్ ఫంక్షన్ గొప్ప. అది డండర్ ర్యాప్డ్ కనపడితే దాని వెంట లోపలికి వెళ్ళి అసలు ఫంక్షన్ సిగ్నేచర్ తెచ్చి చూపిస్తుంది. ఈ రెండూ ఒకేసారి పుట్టినవి కూడా కావు. డెకరేటర్ సింటాక్స్ 2004లో పైథాన్ 2.4తో వచ్చింది, ఫంక్‌టూల్స్, ర్యాప్స్ 2006లో 2.5తో వచ్చాయి, అప్పట్లో పేరు, డాక్‌స్ట్రింగ్ లాంటివి నిలబడేవి తప్ప హెల్ప్ కొడితే సిగ్నేచర్ మాత్రం *ఆర్గ్స్, **క్వార్గ్స్ అనే కనపడేది. డండర్ ర్యాప్డ్ ఆటోమేటిక్‌గా పెట్టడం 3.2లో మొదలైంది, దాన్ని చదివే ఇన్‌స్పెక్ట్ సిగ్నేచర్ 2012లో 3.3తో వచ్చింది, పెప్ 362 అంటారు దాన్ని (పెప్ అంటే పైథాన్‌లో మార్పుల కోసం రాసే ప్రతిపాదన). ఈ చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే మీరు వాడే ఏదైనా లైబ్రరీ ఇన్‌స్పెక్ట్‌లోనే ఉన్న పాత గెట్‌ఫుల్‌ఆర్గ్‌స్పెక్ ఫంక్షన్ వాడుతుంటే అది ర్యాప్డ్ వెంట వెళ్ళదు, ర్యాప్స్ పెట్టినా దానికి *ఆర్గ్స్, **క్వార్గ్స్ మాత్రమే కనపడతాయి. అదే ఫంక్షన్ ఒక లైబ్రరీలో బాగా కనపడి ఇంకో లైబ్రరీలో కనపడకపోతే జుట్టు పీక్కోకుండా ముందు వాళ్ళు ఏ ఫంక్షన్‌తో చదువుతున్నారో చూడండి.

కాబట్టి సిగ్నేచర్ నిలబడిందా అని అడిగేముందు ఎవరి కళ్ళకి నిలబడాలి అని అడగాలి. హెల్ప్ చదివే మనిషికా, రన్‌టైమ్‌లో సిగ్నేచర్ చదివి పని చేసే ఫ్రేమ్‌వర్క్‌కా, మైపై లాంటి టైప్ చెకర్‌కా, లేదా అసలు కాల్ జరిగేటప్పుడు ఆర్గ్యుమెంట్లు సరిపోయాయా లేదా చూసే ఇంటర్‌ప్రెటర్‌కా. నలుగురూ నాలుగు చోట్ల చూస్తారు. మొదటి ఇద్దరికీ డండర్ ర్యాప్డ్, డండర్ సిగ్నేచర్ చాలు. టైప్ చెకర్ మీ కోడ్ రన్ చెయ్యదు కాబట్టి వాటితో దానికి సంబంధమే లేదు, డెకరేటర్ మీద మీరు రాసిన టైపులే దానికి లెక్క. ఇంటర్‌ప్రెటర్ అయితే ర్యాపర్ కోడ్ ఆబ్జెక్ట్ ఒక్కటే చూస్తుంది, దాన్ని ఎవ్వరూ మభ్యపెట్టలేరు.

ఫ్రేమ్‌వర్కులు దీని మీద ఎంత ఆధారపడతాయో చాలామందికి తెలీదు. ఫాస్ట్‌ఏపీఐ సంగతి మీరే చూశారు. టెస్టులు రన్ చేసే పైటెస్ట్ అయితే టెస్ట్ ఫంక్షన్ పారామీటర్ పేర్లు చూసే ఫిక్స్చర్లు (టెస్ట్‌కి కావాల్సినవి ముందే సిద్ధం చేసి ఇచ్చేవి) ఇస్తుంది, ర్యాప్స్ లేని డెకరేటర్ పెడితే దానికి పేర్లే కనపడవు, ఏ ఫిక్స్చర్ ఇవ్వకుండా కాల్ చేస్తుంది, మిస్సింగ్ పొజిషనల్ ఆర్గ్యుమెంట్ అని టైప్‌ఎర్రర్ వస్తుంది, మనం ఫిక్స్చర్ ఫైల్ తప్పేమో అని అక్కడ వెతుకుతూ కూర్చుంటాం. ఇంకో వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఫ్లాస్క్‌లో ఎండ్‌పాయింట్ పేరు ఫంక్షన్ పేరు నుంచే వస్తుంది కాబట్టి రెండు వ్యూలకి ర్యాప్స్ లేని డెకరేటర్ పెడితే రెండింటి పేరూ ర్యాపరే అయిపోయి, ఉన్న ఎండ్‌పాయింట్‌ని ఓవర్‌రైట్ చేస్తున్నావ్ అని అసర్షన్ ఎర్రర్ ఇస్తుంది. డాక్‌టెస్టులు (డాక్‌స్ట్రింగ్‌లో రాసిన ఉదాహరణల్నే టెస్టులుగా రన్ చెయ్యడం) ఇంకా ప్రమాదం, ఎర్రరే ఉండదు, డాక్‌స్ట్రింగ్ పోయింది కాబట్టి టెస్టులు చప్పుడు చెయ్యకుండా రన్ అవ్వడం మానేస్తాయి, అన్నీ పాస్ అనే కనపడుతుంది. మల్టీప్రాసెసింగ్ వాడితే పికిల్ (ఆబ్జెక్టుల్ని ఇంకో ప్రాసెస్‌కి పంపడానికి బైట్లుగా మార్చే మాడ్యూల్) ఫంక్షన్‌ని దాని క్వాల్‌నేమ్‌తో వెతుకుతుంది, ర్యాప్స్ లేకపోతే లోకల్ ఆబ్జెక్ట్‌ని పికిల్ చెయ్యలేను అంటుంది. అందుకే ర్యాప్స్ చాలదు అంటున్నా గానీ అనవసరం అనట్లేదు, అది లేకుండా ఒక్క డెకరేటర్ కూడా రాయొద్దు.

ఇప్పుడు నాలుగో కళ్ళు, అంటే కాల్ జరిగే చోటు. దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం బాగా తగిలింది. కొన్నేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టులో మాకు రాత్రిపూట రిపోర్టులు తయారుచేసే జాబ్ ఉండేది. బయటి సర్వర్‌ని పిలిచే ఫంక్షన్ల మీద రీట్రై డెకరేటర్ పెట్టాం, ఎక్సెప్షన్ వస్తే ఆగి మళ్ళీ ప్రయత్నించడం, ప్రతిసారీ ఆగే టైమ్ రెట్టింపు, మొత్తం 5 సార్లు. ర్యాప్స్ పెట్టాం, సిగ్నేచర్ అందంగా కనపడేది. ఒకరోజు ఒక ఫంక్షన్‌లో పారామీటర్ పేరు మార్చారు, పిలిచే చోట ఒకచోట మార్చడం మర్చిపోయారు. మామూలుగా అయితే పిలిచిన లైన్ దగ్గరే టైప్‌ఎర్రర్ వచ్చి ఐదు నిమిషాల్లో తెలిసిపోయే తప్పు. కానీ ర్యాపర్ క్వార్గ్స్ కాబట్టి ఏ పేరుతో ఇచ్చినా తీసుకుంది, లోపల అసలు ఫంక్షన్‌ని పిలిచినప్పుడు టైప్‌ఎర్రర్ వచ్చింది, అది ట్రై బ్లాక్ లోపల ఉంది కాబట్టి రీట్రై దాన్ని నెట్‌వర్క్ సమస్యే అనుకుని 5 సార్లు అదే తప్పు కాల్‌ని మళ్ళీ మళ్ళీ చేసింది. లాగ్‌లో 5 ప్రయత్నాల తర్వాత ఫెయిల్ అని ఉంటే మేము పూటంతా అవతలి సర్వర్, ఫైర్‌వాల్ వెతుకుతూ కూర్చున్నాం. ఎక్సెప్షన్ అంతటినీ పట్టుకోవడం మా తప్పే, కాదనను, కానీ ర్యాపర్ తలుపు బార్లా తెరిచి ఉండటం వల్లే తప్పు లోపలి దాకా వెళ్ళగలిగింది.

దీనికి మందు సింపులే. డెకరేటర్ పెట్టినప్పుడే, అంటే ర్యాపర్ బయట, ఒక్కసారి సిగ్నేచర్ తీసి పెట్టుకోండి:

సిగ్ = ఇన్‌స్పెక్ట్.సిగ్నేచర్(ఫంక్)

ర్యాపర్ లోపల ట్రై కంటే ముందు ఒక్క లైన్:

సిగ్.బైండ్(*ఆర్గ్స్, **క్వార్గ్స్)

ఆర్గ్యుమెంట్లు సరిపోకపోతే బైండ్ అక్కడికక్కడే టైప్‌ఎర్రర్ ఇస్తుంది, ఏ పేరు తక్కువైందో కూడా చెప్తుంది, అసలు ఫంక్షన్‌ని తాకదు. ఒకటి గుర్తుంచుకోండి, బైండ్ పైథాన్‌లోనే రాసింది కాబట్టి మామూలు కాల్ కంటే బాగా నెమ్మది. రీట్రై, లాగిన్ చెక్, ఏపీఐ కాల్ లాంటి చోట్ల ఆ ఖర్చు లెక్కలోకే రాదు, కానీ లక్షల సార్లు తిరిగే లూప్‌లో ఉన్న చిన్న ఫంక్షన్ మీద పెట్టొద్దు. సిగ్నేచర్ తీసే లైన్ మాత్రం ఎప్పుడూ ర్యాపర్ లోపల పెట్టకండి, ప్రతి కాల్‌కీ మళ్ళీ మళ్ళీ లెక్కేస్తుంది, కోడ్ రివ్యూల్లో నేను ఎక్కువగా దిద్దేది ఇదే.

బైండ్ ఇంకోచోట కూడా బాగా పనికొస్తుంది, క్యాష్ డెకరేటర్లలో. ఫంక్‌టూల్స్‌లో స్టాండర్డ్ ఎల్‌ఆర్‌యూ క్యాష్ (ఒకసారి వచ్చిన జవాబుని దాచుకుని మళ్ళీ అదే ఇచ్చే డెకరేటర్) ఉంది కదా, దానికి ఒక ఫంక్షన్‌ని 3 అని పొజిషన్‌తో పిలవడం, ఎక్స్ = 3 అని కీవర్డ్‌తో పిలవడం రెండు వేరు వేరు కాల్స్, రెండు ఎంట్రీలు పడతాయి. డిఫాల్ట్ వాల్యూ వదిలేసి పిలిచినా, అదే వాల్యూ చేత్తో ఇచ్చి పిలిచినా అంతే. స్పీడ్ కోసం అలా చేశారు, అందులో తప్పేం లేదు. కానీ మీరు రెడిస్‌ (మెమరీలో డేటా దాచే సర్వర్) లో పెట్టే సొంత క్యాష్ రాస్తుంటే బైండ్ చేసి, వచ్చిన ఆబ్జెక్ట్ మీద అప్లై‌డిఫాల్ట్స్ పిలిచి, అందులో ఉన్న ఆర్గ్యుమెంట్స్‌తో కీ తయారుచేసుకోండి, ఎవరు ఎలా పిలిచినా ఒకే కీ వస్తుంది.

సరే, మీ అసలు సమస్యకి వద్దాం, సెషన్ డెకరేటర్. మీ రూట్ ఫంక్షన్ సెషన్, యూజర్‌ఐడీ అని రెండు తీసుకుంటుంది. ర్యాపర్ సెషన్ తనే ఇస్తుంది కాబట్టి బయటి నుంచి రావాల్సింది యూజర్‌ఐడీ ఒక్కటే. కానీ ర్యాప్స్ పెట్టడంతో ఫాస్ట్‌ఏపీఐ లోపలికి చూసి రెండూ కావాలి అనుకుంది, సెషన్ అనేది ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ (డేటాబేస్ లైబ్రరీ) టైపు, దాన్ని రిక్వెస్ట్‌లో వచ్చే ఫీల్డ్‌గా మార్చబోయింది, ఫాస్ట్‌ఏపీఐ డేటా సరిచూడ్డానికి వాడే పైడాంటిక్‌కి అది తెలీని టైపు, అందుకని స్టార్టప్‌లోనే ఇన్‌వాలిడ్ ఆర్గ్స్ ఫర్ రెస్పాన్స్ ఫీల్డ్ అని ఎర్రర్ కొట్టింది. అంటే మొదటి డెకరేటర్‌లో ప్లేట్ లేక సమస్య, రెండోదాంట్లో తప్పు ప్లేట్ ఉండి సమస్య.

పారామీటర్ కలిపినా, తీసేసినా కొత్త ప్లేట్ మీరే రాయాలి. ర్యాప్స్ పెట్టిన తర్వాత, ర్యాపర్‌ని రిటర్న్ చేసే ముందు:

పారామ్స్ = లిస్ట్(సిగ్.పారామీటర్స్.వాల్యూస్())[1:]
ర్యాపర్.__సిగ్నేచర్__ = సిగ్.రీప్లేస్(పారామీటర్స్=పారామ్స్)

ఇన్‌స్పెక్ట్ సిగ్నేచర్ లోపలికి వెళ్తూ వెళ్తూ డండర్ సిగ్నేచర్ కనపడిన చోట ఆగిపోతుంది, ఇంక ర్యాప్డ్ వెంట వెళ్ళదు, కాబట్టి మీరు రాసిందే చెల్లుతుంది. తీసేయడం కాకుండా కొత్తది కలపాలంటే, ఉదాహరణకి డ్రైరన్ అనే కీవర్డ్ ఓన్లీ పారామీటర్, దాన్ని లిస్ట్ చివర గుడ్డిగా అపెండ్ చెయ్యకండి, అసలు ఫంక్షన్‌కి ఇప్పటికే క్వార్గ్స్ ఉంటే దాని కంటే ముందు రావాలి, లేకపోతే ఆర్డర్ తప్పని వాల్యూఎర్రర్ ఇస్తుంది.

ఇక్కడ రెండు గుంటలున్నాయి, జాగ్రత్తగా చదవండి. మొదటిది అనొటేషన్స్. డండర్ సిగ్నేచర్ మార్చారు గానీ డండర్ అనొటేషన్స్‌లో సెషన్ ఇంకా అలాగే ఉంది, టైపింగ్‌లోని గెట్‌టైప్‌హింట్స్ వాడే లైబ్రరీలు దాన్నే చూస్తాయి. సరే తీసేద్దాం అని ర్యాపర్ అనొటేషన్స్ మీద పాప్ కొట్టారనుకోండి, 3.13 దాకా ర్యాప్స్ ఆ డిక్షనరీని కాపీ చెయ్యదు, అదే ఆబ్జెక్ట్‌ని ర్యాపర్‌కి కూడా తగిలిస్తుంది, కాబట్టి మీరు ర్యాపర్‌లో తీసేస్తే అసలు ఫంక్షన్‌లో కూడా పోతుంది. 3.14లో అనొటేషన్స్ బదులు డండర్ అనొటేట్ అనే ఫంక్షన్‌ని కాపీ చేస్తున్నారు కాబట్టి అక్కడ ఈ పంచాయితీ లేదు, కానీ ఏ వెర్షన్‌లో రన్ అవుతుందో అని ఆలోచించే కంటే ఎప్పుడూ కొత్త డిక్షనరీ తయారుచేసి అసైన్ చేసెయ్యండి. రెండో గుంట, డండర్ సిగ్నేచర్ అనేది ఫంక్షన్ డిక్ట్‌లో కూర్చుంటుంది, ర్యాప్స్ ఆ డిక్ట్‌ని బయటి ర్యాపర్‌కి కూడా మోసుకుపోతుంది. అంటే మీ సెషన్ డెకరేటర్ మీద టైమింగ్ డెకరేటర్ పెడితే దానికీ అదే సిగ్నేచర్ వస్తుంది, అది మంచిదే. కానీ పైన పెట్టే డెకరేటర్ కూడా ఇంకో పారామీటర్ మారుస్తుంటే అది తన సిగ్నేచర్ తను మళ్ళీ రాసుకోవాల్సిందే, మర్చిపోతే కింద నుంచి వచ్చిన పాతదే నిలబడిపోతుంది.

మెథడ్స్ మీద కూడా ఇదే డెకరేటర్ వాడదామనుకుంటే [1:] పనికిరాదు, సెల్ఫ్‌ని కోసేస్తుంది. అప్పుడు సెషన్‌ని కీవర్డ్ ఓన్లీగా పెట్టి, అంటే ఫంక్షన్‌లో స్టార్ తర్వాత రాసి, ర్యాపర్‌లో సెషన్=సెషన్ అని కీవర్డ్‌తోనే ఇచ్చి, లిస్ట్‌లోంచి పేరు చూసి తీసెయ్యండి. రన్‌టైమ్ వరకు నాకు ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం, పిలిచేవాడు పొజిషన్‌తో ఇచ్చినా కీవర్డ్‌తో ఇచ్చినా ఏదీ దేనికీ అడ్డుపడదు. కాకపోతే దీనివల్ల టైప్ చెకర్ దగ్గర ఒక చిక్కు వస్తుంది.

టైప్ చెకర్ సంగతి ఇది. డెకరేటర్‌కి టైపులే రాయకపోతే మైపై దృష్టిలో దాని కింద ఉన్న ఫంక్షన్ మొత్తం ఎనీ అయిపోతుంది, స్ట్రిక్ట్‌లో అన్‌టైప్డ్ డెకరేటర్ అని మీకు చూపిస్తోంది అదే. కాలబుల్ బ్రాకెట్లో మూడు చుక్కలు పెట్టి రాస్తే ఎర్రర్ పోతుంది గానీ రోగం పోదు, ఏ ఆర్గ్యుమెంట్ ఇచ్చినా ఊరుకుంటుంది. 2021లో పైథాన్ 3.10తో పారామ్‌స్పెక్ (ఒక ఫంక్షన్ పారామీటర్లన్నిటికీ కలిపి ఒకే పేరు పెట్టే టైపు) వచ్చాక, అదే పెప్ 612, దీనికి సరైన దారి దొరికింది. టైమింగ్ లాంటి ఏమీ మార్చని డెకరేటర్‌కి, పీ అనే పారామ్‌స్పెక్, ఆర్ అనే టైప్‌వార్ (ఇక్కడ రిటర్న్ టైపుకి పెట్టే పేరు) పెట్టుకుని, తీసుకునేది కాలబుల్[పీ, ఆర్], తిరిగి ఇచ్చేది కూడా కాలబుల్[పీ, ఆర్] అని రాయండి. లోపల ర్యాపర్‌కి *ఆర్గ్స్: పీ.ఆర్గ్స్, **క్వార్గ్స్: పీ.క్వార్గ్స్, రిటర్న్ ఆర్. ఈ రెండూ జంటగానే రాయాలి, ఒకటి రాసి ఒకటి వదిలేస్తే ఒప్పుకోదు. 3.12 మీద ఉంటే టైప్‌వార్‌లు విడిగా డిక్లేర్ చేసే పని కూడా లేదు, డెఫ్ టైమింగ్[**పీ, ఆర్] అని పేరు పక్కనే రాసుకోవచ్చు. 3.10 కంటే పాతదాంట్లో ఉంటే టైపింగ్ ఎక్స్‌టెన్షన్స్ ప్యాకేజీలో దొరుకుతుంది.

సెషన్ డెకరేటర్‌కి కన్‌క్యాటనేట్ వాడాలి. తీసుకునేది కాలబుల్[కన్‌క్యాటనేట్[సెషన్, పీ], ఆర్], ఇచ్చేది కాలబుల్[పీ, ఆర్]. చదివితే అర్థమవుతుంది, ముందు ఒక సెషన్, తర్వాత ఏవైనా ఉన్న ఫంక్షన్ తీసుకుని, ఆ సెషన్ తీసేసి మిగతాది ఇస్తా అని. పైన చిక్కు అన్నాను చూశారా, అది ఇక్కడే. కన్‌క్యాటనేట్ ముందు వైపు పొజిషనల్ పారామీటర్లనే కలపగలదు, తీయగలదు, కీవర్డ్ ఓన్లీ పారామీటర్‌ని తీసేశాను అని చెప్పే మార్గం దాంట్లో లేదు. కాబట్టి మైపై సాయం ముఖ్యం అనుకుంటే సెషన్‌ని మొదటి పొజిషన్‌లోనే ఉంచండి. మీవి మామూలు రూట్ ఫంక్షన్లే, మెథడ్స్ కావు, మీకు ఇదే సరైంది.

ఎసింక్ రూట్లు కూడా ఉన్నాయన్నారు, అది విడిగా చూసుకోవాలి. మామూలు డెఫ్ ర్యాపర్‌కి ర్యాప్స్ పెట్టినంత మాత్రాన అది కోరొటీన్ ఫంక్షన్ (ఎసింక్ డెఫ్‌తో రాసేది, అవెయిట్ చేస్తేనే పని మొదలుపెట్టేది) అయిపోదు, ఇన్‌స్పెక్ట్‌లో ఇజ్‌కోరొటీన్‌ఫంక్షన్ ర్యాప్డ్ వెంట లోపలికి వెళ్ళి చూడదు, ఫాల్స్ అంటుంది. మీ టైమింగ్ డెకరేటర్‌ని ఎసింక్ డెఫ్ మీద ఇలాగే పెడితే అది కొలిచేది కోరొటీన్ ఆబ్జెక్ట్ తయారవ్వడానికి పట్టిన టైమ్ మాత్రమే, పని ఇంకా మొదలే కాలేదు, అన్ని రూట్లూ మెరుపు వేగంతో పరిగెడుతున్నట్టు చూపిస్తుంది. డెకరేటర్ లోపల ఒక ఇఫ్ పెట్టండి, ఫంక్ కోరొటీన్ ఫంక్షన్ అయితే ఎసింక్ డెఫ్ ర్యాపర్ రాసి లోపల అవెయిట్ చెయ్యండి, కాకపోతే మామూలు ర్యాపర్, రెండింటికీ ర్యాప్స్. కోడ్ రెండుసార్లు రాసినట్టు ఉంటుంది, ఉండనివ్వండి, దాన్ని ఒకటే చెయ్యాలని చేసే తెలివితేటలన్నీ తర్వాత తలనొప్పులే.

క్లాస్‌తో డెకరేటర్ రాసేవాళ్ళకి ఒక హెచ్చరిక, ఇది చాలా తక్కువ చోట్ల చెప్తారు. ఇనిట్‌లో అప్‌డేట్‌ర్యాపర్(సెల్ఫ్, ఫంక్) అని పిలుస్తాం కదా, అది ఫంక్ డిక్ట్‌ని సెల్ఫ్ డిక్ట్‌లోకి కలిపేస్తుంది. ఫంక్ మామూలు ఫంక్షన్ అయితే పర్లేదు, కానీ ఫంక్ కూడా అదే క్లాస్‌తో చుట్టిన ఆబ్జెక్ట్ అయితే దాని డిక్ట్‌లో సెల్ఫ్.ఫంక్ కూడా ఉంటుంది. మీరు సెల్ఫ్.ఫంక్ = ఫంక్ ముందు రాసి అప్‌డేట్‌ర్యాపర్ తర్వాత పిలిస్తే లోపలిదాని ఫంక్ వచ్చి మీదాన్ని తుడిచేస్తుంది, మధ్యలో ఒక పొర మొత్తం మాయమవుతుంది, ఎర్రర్ కూడా రాదు. ముందు అప్‌డేట్‌ర్యాపర్, తర్వాత సొంత అట్రిబ్యూట్లు, ఈ వరస ఎప్పుడూ మార్చొద్దు. డండర్ ర్యాప్డ్‌కే ఇలాంటి సమస్య ఉండేది, 3.4లో దాన్ని అన్నిటికంటే చివర పెట్టేలా సరిచేశారు. పైగా క్లాస్ డెకరేటర్‌ని మెథడ్ మీద పెట్టాలంటే డండర్ గెట్ రాయాలి, లేకపోతే సెల్ఫ్ అందదు. క్లాస్‌మెథడ్‌తో కలిపి వాడేటప్పుడు క్లాస్‌మెథడ్ అన్నిటికంటే పైన ఉండాలి, మీది దాని కింద.

లైబ్రరీ వాడొచ్చా అంటే, రెండున్నాయి. మికేలే సిమియొనాతో రాసిన డెకరేటర్ అనే ప్యాకేజీ, ఒకప్పుడు అది అసలు సిగ్నేచర్‌తోనే ఒక కొత్త ఫంక్షన్ టెక్స్ట్ తయారుచేసి ఎగ్జెక్ చేసేది, అంటే ప్లేట్ కాదు, తలుపు కూడా అసలుదే ఉండేది, 2021లో వచ్చిన 5వ వెర్షన్ నుంచి ఎగ్జెక్ మానేసి డండర్ సిగ్నేచర్ దారికి వచ్చారు. రెండోది గ్రాహం డంపుల్టన్ రాసిన ర్యాప్ట్, అది ఫంక్షన్‌ని ప్రాక్సీ ఆబ్జెక్ట్‌తో చుడుతుంది, మీ ర్యాపర్‌కి అసలు ఫంక్షన్, ఇన్‌స్టెన్స్, ఆర్గ్స్, క్వార్గ్స్ నాలుగూ ఇస్తుంది, మెథడ్, క్లాస్‌మెథడ్, మామూలు ఫంక్షన్ అన్నిటికీ ఒకే డెకరేటర్ సరిపోతుంది. వేరేవాళ్ళ కోడ్‌ని చుట్టే టూల్ రాస్తుంటే ర్యాప్టే వాడండి. మీ ప్రాజెక్టులో రెండు డెకరేటర్ల కోసమైతే అక్కర్లేదు, స్టాండర్డ్ లైబ్రరీ చాలు.

ఇంకో చిన్న విషయం, ర్యాప్స్ పెట్టినా ట్రేస్‌బ్యాక్‌లో, సీప్రొఫైల్‌లో ర్యాపర్ అనే పేరే కనపడుతుంది, అవి పేరుని కోడ్ ఆబ్జెక్ట్ నుంచి తీసుకుంటాయి. తప్పేదో జరిగిందని కంగారు పడకండి. అందుకే నేను లోపలి ఫంక్షన్‌కి ఉత్త ర్యాపర్ అని కాకుండా టైమింగ్‌ర్యాపర్, సెషన్‌ర్యాపర్ అని పేరు పెడతా, ట్రేస్‌బ్యాక్ చదివేటప్పుడు ఏ పొరలో ఉన్నామో తెలుస్తుంది.

మీ ఫైల్ వరకు చెయ్యాల్సింది చెప్తా. టైమింగ్ డెకరేటర్‌కి ర్యాప్స్ ఉంచి, పారామ్‌స్పెక్ టైపులు కలిపి, ఎసింక్‌కి రెండో ర్యాపర్ పెట్టండి, బైండ్ అక్కర్లేదు. సెషన్ డెకరేటర్ రూట్ల మీద మాత్రమే వాడుతుంటే దాన్ని తీసేసి ఫాస్ట్‌ఏపీఐ డిపెండ్స్‌తో సెషన్ తీసుకోండి, ఆ ఫ్రేమ్‌వర్క్‌లో దానికి అదే చోటు, టెస్టుల్లో ఓవర్‌రైడ్ చేసుకోవడం కూడా తేలిక. రూట్లు కాకుండా రాత్రి జాబ్‌లలో కూడా అదే డెకరేటర్ వాడుతున్నారంటే మాత్రం ఉంచండి, డండర్ సిగ్నేచర్, కొత్త అనొటేషన్స్ డిక్షనరీ, కన్‌క్యాటనేట్ మూడూ పెట్టి. పెట్టాక ఒక టెస్ట్ రాయండి, ఒక శాంపిల్ ఫంక్షన్‌ని చుట్టి, ఇన్‌స్పెక్ట్ సిగ్నేచర్‌లో వచ్చిన పేర్ల లిస్ట్ యూజర్‌ఐడీ ఒక్కటే అని అసర్ట్ చేసి, అదే పేర్లతో నిజంగా కాల్ కూడా చేసి చూడండి. అసర్ట్ ప్లేట్‌ని చూస్తుంది, కాల్ తలుపుని చూస్తుంది, రెండూ ఒకే టెస్టులో ఉండాలి. చేశాక సెషన్ డెకరేటర్ కోడ్ మొత్తం, పైథాన్ వెర్షన్ పెట్టండి, చూస్తా.